మూడు ఇత్తడి వేళ్లు

మా ఇంటి వెనక వసారాలో ఒక పాత లేతు మిషను ఉంది. నాన్నది. పొద్దున వంట అయ్యాక, సాయంత్రం ప్రార్థనకు వెళ్లే ముందు, కాసేపు దాని దగ్గర నిలబడకపోతే నాకు రోజు గడిచినట్టు ఉండదు. నాన్న పోయాక దాన్ని అమ్మేయమన్నవాళ్లు చాలామందే ఉన్నారు. అమ్మలేదు. దాంతోపాటు వచ్చిన చక్కులు, గేర్లు, సెంటర్లు అన్నీ నూనె గుడ్డల్లో చుట్టి రేకు డబ్బాల్లో దాచుకున్నాను. ఆ డబ్బాల్లో ఒకదానిలో, నా చూపుడువేలంత పొడవున్న మూడు ఇత్తడి ముక్కలు ఉండేవి. అవి స్టెడీకి వేళ్లు. వేళ్లున్నాయి, స్టెడీ లేదు.

స్టెడీ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. లేతు మీద పొడుగాటి కడ్డీని రెండు చివర్లా పట్టి తిప్పితే నడుమ వణుకుతుంది. ఉలి తాకగానే పక్కకు ఒదుగుతుంది. అందుకని దాని నడుమ దగ్గర, మిషను బెడ్డు మీద, ఒక ఇనప వలయాన్ని బిగిస్తారు. వలయం లోపలి వైపుకు మూడు వేళ్లు వచ్చి, తిరిగే కడ్డీని మూడు దిక్కులా సుతారంగా ఆనుకుని ఉంటాయి. అంతే. గట్టిగా పట్టుకోవు, వదిలిపెట్టవు. కొండ మీద మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క నిలబడి పట్టుకున్న సంగతి ఆదివారం బడిలో పిల్లలకు చెప్పే ప్రతిసారీ నాకు నాన్న స్టెడీయే గుర్తొచ్చేది.

ఆ ఏడు మా గుడి గంట మూగబోయింది. ఇరుసు అరిగి గంట ఒక పక్కకు ఒరిగితే, పెద్దలు దాన్ని తాడుతో కట్టేశారు. పట్నంలో కొత్త ఇరుసు చేయించాం. స్టెడీ పెట్టకుండా తిప్పినట్టున్నారు, నడుమ లావుగా మిగిలింది. గంటను మోసే కాడి ఆ ఇరుసు మీదుగా నడుమదాకా జరగాలి. సగంలోనే పట్టేసింది. తిరిగి తీసుకెళ్తే, ఒక్క కడ్డీ కోసం మళ్లీ మిషను ఆపలేం అన్నారు. గుడి పెద్దలు కూర్చుని తేల్చారు: కోత పండుగలోగా గంట కదిలితే సరి, లేకపోతే దింపేసి పాత ఇనుముకు వేసి, గోపురం మీద మైకు పెడతాం. ఆ గంట మొదటి ఇరుసు నాన్న చేతుల మీదుగా తయారైంది. కొంచెం గడువివ్వండి అని బతిమాలాను. ఇరుసును పాత చీరలో చుట్టుకుని, ఇత్తడి వేళ్లను చేతిసంచిలో వేసుకుని బయలుదేరాను. స్టెడీ జగిత్యాలలో ఉండిపోయిందని నాకు తెలుసు.

బయలుదేరిన కాలం మాత్రం మంచిది కాదు. తెలంగాణ కోసం అక్కడ అందరూ సమ్మెలో ఉన్నారు. బస్సులు లేవు, బళ్లు లేవు, కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. గుంటూరు వైపు మనిషిని, పైగా ఒంటరి ఆడదాన్ని, చంకలో నిలువెత్తు ఇనప కడ్డీ. మా పాస్టరమ్మ గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపారు. తిరిగొచ్చాక బుధవారం కూడికలో అందరూ అడిగారు, ఎలా ఉంది అక్కడ అని. నోటితో చెబితే సగం పోతుందని రాస్తున్నాను.

జగిత్యాల

నాకు తొమ్మిదేళ్లు వచ్చేదాకా మేం జగిత్యాలలోనే ఉన్నాం. క్రైస్తవ మిషను వాళ్ల వర్కుషాపులో నాన్న పని నేర్పేవాడు. మొదటి తెలంగాణ ఉద్యమం వచ్చిన ఏడు ఊరు విడిచాం. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా అమ్మకు రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. పై ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే నాన్న కూడా సామాను కట్టాడు. లేతును మిషను దొరలు నాన్నకే ఇచ్చి పంపారు. ఇత్తడి కనపడితే దారిలో ఎవరైనా తీసుకుంటారని నాన్న స్టెడీ వేళ్లు మూడూ విప్పి అమ్మ చీరల పెట్టెలో దాచాడు. వేళ్లను అంత భద్రంగా దాచినవాడు, తలుపు వెనక పెట్టిన వలయాన్ని లారీ ఎక్కించడం మరిచాడు. విజయవాడ దాటాక గుర్తొచ్చింది. ఆ రోజు నాన్న ముఖం నాకింకా కళ్లకు కట్టినట్టు ఉంది.

ఇన్నేళ్లకు మళ్లీ ఆ ఊళ్లో జీపు దిగేసరికి ఆదివారం ఆరాధన వేళ. గడియార స్తంభం దగ్గర నుంచి గుడికి దారి కాళ్లకే తెలుసు. వీధి వెడల్పయింది, దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. సందు మలుపులో చల్లగా తగిలే గాలి మాత్రం అప్పటిదే. గుడి వెనక వర్కుషాపు ఉన్న చోట ఎరువుల గోడౌను. మూసిన తలుపు సందులోంచి వాసన చూశాను. యూరియా వాసన. ఇనుమూ సబ్బునీళ్లూ కలిసిన ఆ పాత వాసన కోసం ఇంకోసారి చూశాను. లేదు.

ఆరాధన మాలాగే, కాకపోతే పాటలు కొంచెం నిదానం. మా వైపు మొదటి పంట కానుక అంటే వరికంకులు, అరటిగెలలు. ఇక్కడ బల్ల ముందు వాళ్లు మక్క అనే మొక్కజొన్న కంకులు, పచ్చి పసుపు దుంపలు పెట్టారు. పాస్టరు గారు జీతం రాని సమ్మెవాళ్ల కోసం, చదువు ఆగిన పిల్లల కోసం ప్రార్థించి, "ఇంత గడ్డుకాలంల ఆంధ్ర నుంచి మనల వెతుక్కుంట వచ్చిన మన అక్క కోసం" అన్నారు. నాకు దుఃఖం ఆగలేదు.

ఆరాధన కాగానే ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది. ఎస్తేరమ్మ. ఆదివారం బడిలో నాకు మొదటి పాట నేర్పిన మనిషి.

"జోసెఫ్ సారు బిడ్డవా? సుగుణవా? ఇనుప పొట్టును గాజులోలె ఏసుకోని చెయ్యంత కోసుకున్న పోరివి నువ్వేనా?"

"నేనేనవ్వా."

"నాయిన పానం మంచిగున్నదా?"

"ప్రభువు పిలుచుకున్నారవ్వా, చాలా ఏళ్లయింది."

ఆమె కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. తర్వాత నా చంకలోని మూటను వేలితో పొడిచింది. "గిదేంది మల్ల? దుడ్డుకర్ర తెచ్చినవా మా మీదికి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. కథంతా చెప్పాను. ఎస్తేరమ్మ ఆలోచించి, వర్కుషాపు మూసినప్పుడు మిగిలిన సామాను, నాన్న దగ్గరే పని నేర్చుకున్న కోరుట్ల బ్రహ్మయ్య కొనుక్కుపోయాడని చెప్పింది. పసుపు పాలిషు పట్టే డ్రమ్ములు చేసేవాడట. "గాయిన లేడు. కోడలున్నది, లక్ష్మి. గా పిల్లనడిగితె ఎరుకైతది."

మర్నాడంతా కోరుట్ల వైపు ఏ బండీ కదలలేదు. ఎస్తేరమ్మ ఇంట్లో సర్వపిండి తింటూ కూర్చున్నాను. గిన్నె లోపల పిండిని వేళ్లతో పలచగా అద్ది, నడుమ నడుమ చిల్లులు పెట్టి, పల్లీలతో కాల్చే రొట్టె అది. మా వైపు అలాంటిది లేదు. "గిది గిట్ల తిప్పాల్నా అవ్వా?" అని నా నోటి నుంచి దానంతటదే వచ్చింది. ఆమె అట్లకాడ కింద పెట్టి, "అగో, అచ్చింది! నలభై ఏండ్ల సంది నాలిక కింద దాసుకున్నవా?" అని పకపకా నవ్వింది.

దారిలో వంట

మంగళవారం ఒక జీపు దొరికింది. మామూలు రోజుల్లో పదిహేను రూపాయల దారికి నలభై తీసుకున్నాడు. డీజిలు దొరకడం లేదన్నాడు, నేనూ మారుమాట్లాడలేదు. కడ్డీ పట్టక వెనక తలుపులోంచి బయటికి వచ్చింది. దానికి ఒకాయన టిఫిను డబ్బా తగిలించాడు.

కోరుట్లకు ఇంకా కొంత దూరముండగా జీపు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు. ఊరు ఊరంతా రోడ్డు మీదే వండుకు తింటోంది. నిరసన ఇలా కూడా చేస్తారని వినడమే గాని చూడలేదు. మెడలో కండువా వేసుకున్న యువకుడొకడు జీపు చుట్టూ తిరిగి, నా మూట దగ్గర ఆగాడు.

"ఏందమ్మా గది? తుపాకా?"

"గుడి గంట ఇరుసండి."

"అండి" అనగానే చుట్టూ మాటలు ఆగాయి. "ఆంధ్రోళ్లా మీరు?" అన్నాడు. గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు. నేను చీర విప్పి కడ్డీ చూపించాను. అబద్ధం చెప్పే అలవాటు లేదు, ఆ వేళ మొదలుపెట్టాలనీ అనిపించలేదు. "పుట్టింది గుంటూరు దగ్గర. అక్షరాలు దిద్దింది జగిత్యాలలో. మా నాన్న మరిచిపోయిన సామాను ఒకటి ఇక్కడ ఉండిపోయింది. దానికోసం వచ్చాను" అన్నాను.

గంజి వారుస్తున్న పెద్దమనిషి ఒకడు తలెత్తి, "అరేయ్ సురేషు, అక్షరాలు ఈడ దిద్దిందంటె సగం మనదే. సగాన్నన్న దింపురా, అన్నం తింటది" అన్నాడు. నవ్వులు లేచాయి. నేను దిగి, "మీ సమ్మెలో నేను తినొచ్చా?" అని అడిగాను.

"ఆకలి గూడ సమ్మె జేస్తదా అక్కా? కూసో," అన్నారెవరో.

విస్తరాకులో వేడి అన్నం, పచ్చిపులుసు, వంకాయ కూర. మా వైపు చారు మరగనిదే ముట్టం. ఇక్కడ చింతపండు రసంలో కాల్చిన మిరపకాయ, ఉల్లిపాయ పిసికి, పొయ్యి ముఖం చూడకుండానే అన్నంలో పోస్తారు. ఎండలో నడిరోడ్డు మీద అది ఎంత చల్లగా దిగిందో చెప్పలేను. మనసులోనే కృతజ్ఞత చెప్పుకుని తలెత్తేసరికి, ఆ సురేషు నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. "ప్రార్థన జేసినవా?" అన్నాడు. అవునన్నాను. "మాకోసం గూడ జేస్తివా మరి?"

"మీ అందరి మంచి కోసం చేశాను బాబూ."

"తెలంగాణ అనలే కదా," అని నవ్వి, మళ్లీ పులుసు పోశాడు.

కోరుట్ల

ఆ రోజు సద్దుల బతుకమ్మ, పూల పండుగ ఆఖరి రోజు అని కోరుట్లలో దిగేదాకా నాకు తట్టలేదు. వీధివీధినా ఆడవాళ్లు తంగేడు పూలు, గునుగు పూలు తెంపి, అరుగుల మీద పళ్లేల్లో పేరుస్తున్నారు. తెల్లని గునుగును గులాబీ రంగులో, ఆకుపచ్చ రంగులో ముంచి ఆరబెడుతున్నారు. చిన్నప్పుడు దూరం నుంచి చూసేదాన్ని, అమ్మ వెళ్లనిచ్చేది కాదు.

లక్ష్మి ఇల్లు పసుపు మార్కెట్టు వెనక. నలభై ఏళ్ల మనిషి, బీడీల చేట ఒళ్లో ఉంది. భర్త దుబాయిలో. నేను ఎవరో చెప్పాక చేట పక్కన పెట్టి, "మా మామ జోసెఫ్ సారు పేరు దినాం తీస్తుండె. సారు పట్టినట్టు ఉలి ఎవ్వడు పట్టడు అని మా ఆయిన్ని తిడుతుండె" అంది.

"స్టెడీ అని ఒక ఇనప వలయం..."

"అయ్యో వదినె, గది ఈడ లేదు. మామ సచ్చిపోయేముందె సిరిసిల్ల రాజేశంకిచ్చిండు. సాంచెల పనికి కావాల్నన్నడు."

రాజేశం అన్న పేరు వినగానే నాకు గుర్తొచ్చింది. నాన్న దగ్గర పని నేర్చుకున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు. మేం ఊరు విడిచిన రోజు పొద్దున ఊరేగింపులో నినాదాలిచ్చి, మధ్యాహ్నం వచ్చి మా లేతును లారీ ఎక్కించినవాడు. లారీ కదిలాక వెనక పరిగెత్తి, నా చేతిలో మురుకుల పొట్లం పెట్టినవాడు.

ఆ పూట కదలనివ్వలేదు లక్ష్మి. సాయంత్రం వీధంతా బతుకమ్మలు తలకెత్తుకుని చౌరస్తాకు నడిచింది. ఆ ఏడు పాటల్లో గౌరమ్మతోపాటు రాష్ట్రం కూడా ఉంది. చప్పట్లు కొడుతూ ఒంగి లేస్తూ గుండ్రంగా తిరుగుతుంటే, పక్కన పోలీసుల వ్యాను నిలబడి చూస్తోంది.

"రా వదినె, రెండు సుట్లు తిరుగు," అని చంకలో మనవరాలిని ఎత్తుకున్న లక్ష్మి చెయ్యి చాచింది.

నేను ఆరాధించే దేవుడు ఒక్కడే. ఆ విషయంలో నాకు ఏ తడబాటూ లేదు. "పాట వింటాను లక్ష్మీ, తిరగను. నీ మనవరాల్ని నాకివ్వు, పట్టుకుంటాను," అన్నాను. ఆమె పసిపిల్లను నా ఒళ్లో పడేసి వెళ్లింది. బతుకమ్మలు చెరువుకు చేరేదాకా ఆ పిల్ల నా భుజం మీద నిద్రపోయింది.

ఇంటికొచ్చాక అందరికీ మలీద ముద్దలు పంచారు. రొట్టెను బెల్లం, నెయ్యితో కలిపి చేసిన ముద్దలు. నాకు ఎలా వద్దనాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పూజలో పెట్టింది తినను, తినకపోతే ఆమె మనసు నొచ్చుకుంటుంది. లక్ష్మి లోపలికి వెళ్లి, మూతపెట్టిన స్టీలు గిన్నె ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"గిది గౌరమ్మకు పెట్టకముందె నీకు తీసి పెట్టిన. మీరు మొక్కిన కాడిది తినరంట కదా. ఎస్తేరమ్మ బిడ్డ బీడీ కార్ఖాన్ల నాతోటే చేస్తది, ఆమె చెప్పింది."

వాళ్లింట్లో అమ్మవారికి పెట్టకముందే ఒక ముద్ద తీయడమంటే ఎంగిలి చేసినట్టే. ఆ మాట ఆమె అనలేదు, వాళ్ల అత్త గదిలోంచి సణుగుతుంటే వినపడింది. "దేవునికన్న ముందు సుట్టమా నీకు?" అంటోంది ముసలామె. "సుట్టం ఏడాదికోపారి గూడ రాదత్తా, గౌరమ్మ యేటేట వస్తది, ఏమనుకోదు," అని లక్ష్మి గట్టిగానే జవాబిచ్చింది. నేను ఆ ముద్ద తిన్నాను. నెయ్యి మణికట్టు దాకా కారింది. ఆ రాత్రి నా ప్రార్థనలో లక్ష్మి పేరు, ఆమె అత్త పేరు, దుబాయిలో ఉన్న ఆయన పేరు చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటున్నాను.

సిరిసిల్ల

సిరిసిల్లలో సాంచెల చప్పుడు వీధి మొదట్లోనే వినపడుతుందని అందరూ చెప్పారు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. బుధవారం నేను వెళ్లేసరికి చప్పుడే లేదు. కరెంటు లేక సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. నేతపనివాళ్లు రోడ్డు పక్క దీక్షా శిబిరంలో చాపల మీద కూర్చుని ఉన్నారు. మా మంగళగిరి నేతగాళ్లలాగే సన్నటి మనుషులు. వాళ్లవి చేతిమగ్గాలు, కరెంటు లేకపోయినా ఆడతాయి. వీళ్లకు కరెంటు ఆగితే అన్నీ ఆగినట్టే.

శిబిరానికి ఎదురుగానే రాజేశం షెడ్డు. నెరిసిన మీసం, మెడలో టవలు. మరునాడు దసరా కాబట్టి పనిముట్లను కిరసనాయిలుతో కడిగి వరసగా పేరుస్తున్నాడు. గుమ్మంలో నిలబడి, "రాజేశం అన్నా, మురుకుల పొట్లం బాకీ తీర్చడానికి వచ్చాను," అన్నాను.

చేతిలో రెంచీ అలాగే ఉండిపోయింది. "ఎవలు?" అన్నాడు. తర్వాత, "జోసెఫ్ సారు బిడ్డ!" అని అరిచి, లోపల ఉన్న భార్య వైపు తిరిగి, "ఓ రాధమ్మా, మంచినీళ్లు తే. మా సారు బిడ్డ అచ్చింది!" అన్నాడు.

నీళ్లు తాగుతూ చూశాను. షెడ్డు నడుమ పంజాబు బటాలాలో చేసిన లేతు ఒకటి. దాని బెడ్డు మీద, ఇనప దిమ్మె వేసి ఎత్తు సరిచేసి బిగించి ఉంది నాన్న స్టెడీ. వలయం మీద నాన్న ఉలితో కొట్టిన చిన్న శిలువ గుర్తు నూనె కింద మెరుస్తోంది. నా కాళ్లు వాటంతటవే దాని దగ్గరికి నడిచాయి.

నా సంచిలో ఉన్న వేళ్లు లేకుండా ఆ వలయం ఎందుకూ పనికిరాక ఏ మూలనో పడి ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. దానికి వేళ్లున్నాయి. నల్లగా, నున్నగా, తోలులా ఉన్నాయి.

"పిక్కర్లు," అన్నాడు రాజేశం. "సాంచెల దారం మోసుకుంట అటిటు ఉరికే నాడెను కొట్టే బిళ్ల ఉంటది సూడు, బర్రె తోలుది, గది. అరిగి పారేసినయి తెచ్చి, కోసి పెట్టిన. నూనె తాగి తాగి గిట్లైనయి. షాఫ్టు మీద గీత గూడ పడది."

నేను సంచిలోంచి ఇత్తడి వేళ్లు తీసి అతని అరచేతిలో పెట్టాను. అతను వాటిని చాలాసేపు తిప్పి చూశాడు. ఒకదాన్ని బొటనవేలితో రుద్దాడు. "గీ చెంప మీద దెబ్బ నేనే కొట్టిన, పని కొత్తగ నేర్చినప్పుడు. సారు ఏమనలే. ఏమనకపోతెనే భయమైతుండె."

నేను వచ్చిన పని చెప్పాను. గంట సంగతి, కోత పండుగ గడువు, మైకు సంగతి. చెప్పడం పూర్తికాకముందే రాజేశం రెంచీ తీసుకుని స్టెడీ బోల్టు విప్పడం మొదలుపెట్టాడు. "నీదేనమ్మా. సారుది. తీస్కపో. ఇన్నేండ్లు వాడుకున్న, గదే మస్తు."

అప్పుడు రాధమ్మ గుమ్మంలోంచి, నా వైపు చూడకుండా, గోడకు ఆనించిన కడ్డీల వైపు చూస్తూ అంది. "గవన్ని ఎట్ల మరి?"

గోడ పొడవునా సాంచెల షాఫ్టులు ఆనించి ఉన్నాయి. వంగినవి, అరిగినవి, ఒక్కోదానికి సుద్దముక్కతో ఒక్కో పేరు రాసి ఉంది. ఎప్పుడో కరెంటు వచ్చే ఆ కాసేపట్లో అవి తయారు కాకపోతే, ఆ పేరు గల మనిషి సాంచె కరెంటు వచ్చినా ఆడదు.

"నువ్వూకుండు," అన్నాడు రాజేశం.

"ఎందుకూకుంట? ఎదురుంగ టెంటుల కూసున్నోళ్ల సాంచెలు గవి. సమ్మె ఒడిసినంక వాళ్లేం తినాలె? అమ్మా, నీ మీద కోపంగాదు. నీ దేవుని గంటనే, కాదంటలేను. గని మాకు గదే చెయ్యి."

రాజేశం రెండో బోల్టు విప్పుతున్నాడు. స్టెడీ ఒక పక్కకు లేచింది. నేను ఇన్నాళ్లూ ఎదురుచూసిన క్షణం అదే. అది నా చేతికొస్తే మా గంట మోగుతుంది. ఇటు పక్క ఆ పేర్లన్నీ గోడకు ఆనుకునే ఉంటాయి. దేవా, నేనేం చేయాలి అని అడిగాను. నా చంకలో మూట బరువు తెలిసింది. ఇరుసు ఇక్కడే ఉంది కదా.

"విప్పకు రాజేశం అన్నా," అన్నాను. "బిగించు. ఇరుసే ఇక్కడ తిప్పుదాం."

"కరెంటు లేదమ్మా. రేపు దసరా, పనిముట్లు ముట్టం. ఎల్లుండి దాక ఆగుతవా?"

"మా నాన్న లేతుకు మొదట కరెంటు ఎక్కడుంది? జగిత్యాలలో పెద్ద చక్రం నువ్వే తిప్పేవాడివి."

అతను నన్ను చూసి, మోటారును చూసి, మీసం కింద నవ్వాడు. బెల్టు ఊడదీశాడు. కప్పీకి ఒక ఇనప పిడి బిగించాడు. తను నాలుగు చుట్లు తిప్పి రొప్పాడు. రాధమ్మ గుమ్మం దాటి శిబిరం వైపు చూసి, "ఏందుల్లా, ఊకె కూసున్నరు! ఇటు రండి, చేతులు కావాలె!" అని కేక వేసింది.

పది మంది దాకా వచ్చారు. సంగతి విన్నాక ఒక పొడుగాటి మనిషి, అతన్ని లింగం అని పిలిచారు, నడుము మీద చేతులు పెట్టుకుని, "అంటే ఏందన్నట్టు? ఆంధ్రోళ్ల గంటను తెలంగాణోళ్లు తిప్పాల్నా?" అన్నాడు.

"గంట కాదు, ఇరుసు," అన్నాను.

"సరె తీయ్. తిప్పుతం. గని గా గంట మోగినప్పుడల్ల జై తెలంగాణ అనాలె మరి!"

"గంటకు మాటలు రావు బాబూ. రమ్మని పిలవడం ఒక్కటే వచ్చు."

"ఎవల్ని?"

"ఎవరినైనా."

లింగం తల గోక్కుని, "అయితె నన్ను గూడ పిలుస్తదన్నట్టు," అని పిడి పట్టుకున్నాడు.

ఉలి నేను పట్టాను. రాజేశం తనే పట్టుకుంటానన్నాడు గాని, నాన్న గంట కాబట్టి నాకే ఇచ్చాడు. ముందు నడుముకు కొంచెం పక్కగా సన్నని పట్టీ ఒకటి నున్నగా చేసుకుని, దాని మీద తోలు వేళ్లు మూడూ ఆనించాం. రాజేశం ఒక్కో వేలి కింద కాగితం ముక్క పెట్టి, అది జారీ జారకుండా ఉండేలా మర బిగించాడు. నాన్న కూడా అలాగే కాగితంతో చూసేవాడు. చేతులు మారుతూ తిప్పారు. ఒకరు అలిసేలోగా ఇంకొకరు పిడి అందుకునేవారు, చక్కు ఆగేది కాదు. ఉలి ముందు నుంచి ఇనప రజను సన్నటి వెంట్రుకల్లా చుట్టలు తిరిగి రాలింది. కడ్డీ వణకలేదు. ఎవరో శిబిరంలో పాడే పాట ఎత్తుకున్నారు, పిడి ఆ పాట వేగానికి తిరిగింది. నాకు ఆ పాట రాదు, ఉలి మాత్రం దాని వెంటే నడిచింది.

ఇరుసును మరో వైపుకు తిప్పి బిగించి రెండో సగం కూడా పూర్తిచేసేసరికి ఎండ షెడ్డు దాటి వెళ్లిపోయింది. కొలిచి చూశాం. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే లావు. రాజేశం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రాధమ్మ అందరికీ మక్కగారెలు వండి పెట్టింది. పొయ్యి మీద నుంచి దింపినవి దింపినట్టే అయిపోయాయి.

బయలుదేరే ముందు ఇత్తడి వేళ్లు అక్కడే పెట్టేయబోయాను. రాజేశం మూడింటిలో ఒకటి తీసుకున్నాడు, దెబ్బ ఉన్నదాన్ని. స్టెడీ కింది తోలు వేలు ఊడదీసి, ఆ చోట దాన్ని బిగించాడు. "బరువు పడేది కింద. ఆడ సారు ఉంటడు," అన్నాడు. ఊడదీసిన తోలు వేలిని, మిగిలిన రెండు ఇత్తడి వేళ్లను కలిపి గుడ్డలో కట్టి నా చేతికిచ్చాడు. "ఈ మూడు నీకాడ ఉండనీ."

మళ్లీ మా ఊళ్లో

స్టెడీ తెచ్చావా అని పెద్దలు అడిగారు. తేలేదన్నాను. ఇరుసు విప్పి చూపించాను. కాడి దాని మీదికి జారి, ఎక్కడా పట్టకుండా నడుమకు వెళ్లి కూర్చుంది. కోత పండుగ ముందు రోజు గంటను పైకెత్తాం. మైకు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గంట తాడు లాగే యాకోబు గోపురం ఎక్కి, చివరిసారి అంతా శుభ్రం చేస్తున్నాడు. కింద నిలబడి చూస్తున్నాను. కాడికి పక్కన, మెరిసే ఇరుసు మీద, చుట్టూ ఒక నల్లటి పట్టీ ఉంది. తోలు వేళ్లు ఆనుకుని తిరిగిన చోటు. నూనె, తోలు, ఆ పాట, ఆ చేతులు అన్నీ అక్కడ పడి ఇంకినట్టు నల్లగా, నిగనిగలాడుతోంది.

"అమ్మగారూ, ఇక్కడ మరక పడిందండీ. కిరసనాయిలు పెట్టి తీసేయమంటారా?" అని పైనుంచి అరిచాడు.

"తీయకు యాకోబూ," అన్నాను. "దిగిరా. దిగి తాడు లాగు."